ట్రెయిలర్ ఊగుడు ఎలా ఆగిందంటే

మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోయి అక్కడే పడుకునేలా పరుపులు, గ్యాస్ స్టవ్, నీళ్ల డ్రమ్ము పట్టే చిన్న ట్రెయిలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. లాగడానికి మా బొలెరో. డీజిల్ ఇంజిన్, వెనక చక్రాల డ్రైవ్, కింద గట్టి ఛాసిస్ ఉన్న బండి కాబట్టి కొక్కెం బిగించడానికి మంచి ఆధారం దొరికింది. బ్రిటన్‌లో కారవాన్ (కారు వెనక తగిలించే ఇల్లులాంటి ట్రెయిలర్) లాగేవాళ్లు ట్రెయిలర్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటొద్దంటారు, నేను అదే లెక్క పట్టుకున్నా.

అయినా ములుగు దాటి స్పీడు 60కి రాగానే ట్రెయిలర్ పాములా అటూ ఇటూ ఊగేది, స్టీరింగ్ చేతిలో వణికేది, వెనక సీట్లో అమ్మకు ఒకటే టెన్షన్. ఇంటికొచ్చాక వడ్ల కాంటా తెచ్చి, ట్రెయిలర్‌ను సమంగా నిలబెట్టి కొక్కెం వైపు కొసను దాని మీద ఆనించి చూస్తే, మొత్తం 600 కిలోల్లో అక్కడ పడుతున్నది 15 కిలోలే! పాత ఓనరు నీళ్ల డ్రమ్మును ఇరుసుకు వెనక బిగించాడు. వెనక బరువెక్కితే ముందు తేలిపోతుంది, ఊగుడు మొదలయ్యేది అక్కడే. వెల్డింగ్ షాపులో డ్రమ్మును ఇరుసుకు కాస్త ముందుకు మార్పించి కొక్కెం మీద పడే బరువును 40 కిలోలకు తెచ్చాం, కారు వెనక టైర్లకు ఫుల్ లోడ్‌కు చెప్పినంత గాలి కొట్టించాం. ఊగుడు ఆగింది.

ఎప్పుడైనా ఊగితే మాత్రం బ్రేక్ గట్టిగా తొక్కకండి, స్టీరింగ్ తిప్పకుండా పట్టుకుని యాక్సిలరేటర్ మెల్లగా వదిలేయండి. కొక్కెం ఎంత బరువు మోస్తుందో కూడా కొనేముందే అడగండి.