ఇంటి దగ్గర కనిపించిన పాము విషం లేనిదేనా? గుర్తుపట్టడం ఎలా?

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్ల చుట్టుపక్కల తిరిగే పాముల్లో మనిషి ప్రాణం తీసేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఉత్తరాంధ్ర కొండల దగ్గరి ఊళ్లలో వీటికి గిరినాగును (కింగ్ కోబ్రా) కూడా కలుపుకోవాలి. కాబట్టి గుర్తుపట్టడమంటే అన్ని పాముల పేర్లూ బట్టీ పట్టనక్కర్లేదు. ఈ నాలుగూ ఎలా ఉంటాయి, వీటిలా కనిపించి జనం చేతిలో ఉత్తపుణ్యానికి చచ్చే పాములు ఎలా ఉంటాయి అన్నది జంటలుగా చూసుకుంటే చాలు. గుర్తులన్నీ కుదిరితేనే అది విషం లేని పాము. ఒక్కటి కుదరకపోయినా, సరిగ్గా కనపడకపోయినా విషప్పామే అనుకుని దూరంగా ఉండాలి.

ముందు కొన్ని నమ్మకాలు వదిలేయాలి

తల మూడు పలకలుగా ఉంటే విషప్పాము అంటారు. పింజరల విషయంలో అది నిజమే. కానీ కట్లపాము తల మెడకంటే పెద్ద వెడల్పేమీ ఉండదు, పడగ విప్పని నాగుపామూ మామూలుగానే కనిపిస్తుంది. మరోపక్క ఏ హానీ చేయని నీరుకట్టె భయపడితే తలను, మెడను చదును చేసి బెదిరిస్తుంది. కనుపాప గుండ్రంగా ఉంటే విషం లేనట్టే అనే మాట వీడియోల్లో తెగ తిరుగుతోంది. అమెరికా పాములకు అది కొంతవరకు పనికొస్తుందేమో గానీ ఇక్కడ పనికిరాదు. నాగుపాము కనుపాప గుండ్రమే, కొండచిలువకేమో నిలువు చీలిక. అయినా కనుపాప కనిపించేంత దగ్గరికి వెళ్లారంటే అప్పటికే తప్పు చేసినట్టు.

1. దూరం, వెలుతురు, ఫొటో

పిల్లల్ని, కుక్కల్ని లోపలికి పంపండి. పాముకు కనీసం పది అడుగుల దూరంలో నిలబడి, అది ఎటు పోతోందో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. చూపు తిప్పితే ఏ సామాను వెనక్కో దూరుతుంది, ఇక రాత్రంతా నిద్ర ఉండదు. కర్రతో కదపొద్దు, నీళ్లు కొట్టొద్దు.

ఫోన్‌లో జూమ్ చేసి మూడు ఫొటోలు తీయండి: తల పక్క నుంచి, వీపు మధ్యభాగం, తోక. చాలామంది తల ఒక్కటే తీసి పంపుతారు. కట్లపాము సంగతి తేలేది తల దగ్గర కాదు, వీపు మీద, తోక వైపున. రాత్రిపూట ఫ్లాష్ నేరుగా పడితే పొలుసులు మెరిసి పట్టీలు మాయమవుతాయి. టార్చిని పక్క నుంచి వేసి తీస్తే బాగా వస్తుంది.

2. కట్లపామా, వుల్ఫ్ స్నేకా?

అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, ప్రమాదమూ ఇక్కడే ఎక్కువ. కట్లపాముకు విషం ఉంది, వుల్ఫ్ స్నేక్‌కు లేదు. కానీ రెండూ రాత్రి తిరిగేవే, రెండింటికీ ఒంటి మీద తెల్లటి అడ్డపట్టీలే, రెండూ ఇంట్లోకి వచ్చేవే.

కట్లపాము నల్లగా, నీలం ఛాయతో నిగనిగలాడుతుంది. పెద్దది సుమారు మీటరు ఉంటుంది. పట్టీలు సన్నగా, ఎక్కువగా రెండేసి చొప్పున దగ్గరదగ్గరగా ఉంటాయి. తల వైపు అసలు లేకుండానో, వెన్ను మీద తెల్లటి చుక్కలుగానో ఉండి, తోక వైపు పోయేకొద్దీ స్పష్టమవుతాయి. వెన్ను మధ్యన ఒక వరుస పొలుసులు మిగతావాటికంటే పెద్దగా, ఆరు పలకలుగా ఉంటాయి.

వుల్ఫ్ స్నేక్ దీనికి తిరగేసి. ఎక్కువగా గోధుమ రంగు, పొడవు సాధారణంగా రెండు అడుగుల లోపే. పట్టీలు మెడ దగ్గరే మొదలై, అక్కడే వెడల్పుగా ఉండి, తోకకు వచ్చేసరికి వెలిసిపోతాయి. పక్కలకు దిగేచోట పట్టీ చీలి వలలా పరుచుకుంటుంది. తల చదునుగా ఉంటుంది. బల్లుల కోసం గరుకు గోడలు, కిటికీలు ఎక్కేస్తుంది. గోడ మీద, తలుపు సందులో కనిపించిందంటే వుల్ఫ్ స్నేక్ అయ్యే అవకాశం ఎక్కువ. అలాగని అదొక్కటే చూసి తేల్చేయొద్దు.

రెండు చోట్ల ఈ లెక్క తప్పుతుంది. కట్లపాము పిల్లలకు పట్టీలు మెడకు దగ్గరగానే మొదలవుతాయి. వుల్ఫ్ స్నేక్‌లలో నల్లటి రకం కూడా ఉంది. అందుకే అడుగులోపు ఉన్న నల్లటి, తెల్లపట్టీల పాము ఏదైనా సరే కట్లపాముగానే లెక్కేయండి.

3. నాగుపామా, జెర్రిపోతా?

పడగ విప్పితే అనుమానమే లేదు. కానీ పారిపోయే నాగుపాము పడగ విప్పదు. ఆరేడు అడుగుల పొడవుండి, పట్టపగలు వేగంగా పాకిపోతూ, పెద్ద పెద్ద కళ్లతో, పెదవుల పొలుసుల మధ్య నల్లటి నిలువు గీతలతో కనిపించేది జెర్రిపోతు. ఒంటి వెనక సగంలో, తోక మీద నల్లటి అడ్డగీతలు వలలా అల్లుకుని ఉంటాయి. నాగుపాము ఎక్కువగా నాలుగైదు అడుగులకు మించదు. దాని పెదవులపై ఆ గీతల వరుస ఉండదు, మెడ కింద వెడల్పాటి నల్లటి పట్టీలు ఉంటాయి.

జెర్రిపోతును మూలకు తోస్తే మెడ ఉబ్బించి, గుర్రుమని బెదిరిస్తుంది, కరుస్తుంది కూడా. విషం మాత్రం లేదు. రెండు పాములు లేచి మెలికలు వేసుకుంటే జెర్రిపోతు, నాగుపాము జత కట్టాయంటారు. చాలాసార్లు అవి ఆధిపత్యం కోసం పెనుగులాడుకునే రెండు మగ జెర్రిపోతులే.

4. రక్తపింజరా, ఇసుక పామా, కొండచిలువ పిల్లా?

మూడూ లావుగా, మచ్చలతో ఉంటాయి. రక్తపింజర వీపు మీద ముదురు గోధుమ రంగు కోలమచ్చలు గొలుసులా మూడు వరుసల్లో ఉంటాయి, మచ్చ చుట్టూ నల్లటి అంచు, దాని బయట లేత అంచు. తల వెడల్పు, మెడ సన్నం. దగ్గరికి వెళ్తే కుక్కర్ విజిల్‌లా గట్టిగా బుసకొడుతుంది. ఇసుక పాముకు మచ్చలు అడ్డదిడ్డంగా ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తలకు, మెడకు తేడా ఉండదు, తోక మొండిగా ఉంటుంది. మన్ను తిన్న పాములా కదలక పడి ఉంటుంది. కొండచిలువ పిల్లకు మచ్చలు పెద్దవి, వంకరటింకరవి, ఒకే కొలతలో ఉండవు.

కొండచిలువ పిల్ల అనుకుని రక్తపింజరను చేత్తో పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. ఈ జంటలో ఎంత నమ్మకం ఉన్నా ముట్టుకోవద్దు. ఒకే రంగులో, మొద్దు తోకతో ఉండే రెండు తలల పాము కూడా ఇసుక పాముల జాతే. దానికి లక్షలు ఇస్తామనేది పచ్చి మోసం. కొన్నా, అమ్మినా, ఇంట్లో ఉంచుకున్నా కేసు.

చిన్నపింజర అడుగు, అడుగున్నర మించదు. చుట్టలు రాపాడించి గరగర చప్పుడు చేస్తుంది. దాన్ని పోలిన, మనిషికి ప్రమాదం కాని క్యాట్ స్నేక్ సన్నగా, పొడవాటి తోకతో ఉంటుంది.

5. పోలికల గొడవ లేనివి

బాత్రూమ్ జాలీలోంచి, పూలకుండీలోంచి వచ్చే వానపాములాంటిది గుడ్డిపాము. జానెడు కూడా ఉండదు. వానపాముకుండే ఉంగరాల్లాంటి గీతలు దీనికి ఉండవు, ఒళ్లు జిగురుగా కాక పొడిగా మెరుస్తుంది. చీపురుతో చేటలోకి తోసి మట్టిలో వదిలేయండి.

చెరువు, మురుగుకాలువ దగ్గర చదరంగం గళ్లతో, కంటి దగ్గర రెండు నల్లటి ఏటవాలు గీతలతో ఉండేది నీరుకట్టె. విషం లేదు గానీ మహా కోపిష్ఠి. చెట్ల మీది పసిరిక పాముకు ముక్కు సూదిగా ఉంటుంది. దాని కొద్దిపాటి విషం మనిషికి ప్రమాదం కాదు, కళ్లలో పొడుస్తుందన్నది ఉత్త మాట.

6. పాము పోయి కుబుసం మిగిలితే

తీరిగ్గా చూడగలిగేది ఇదే. వెన్ను వరుస పొలుసులు పెద్దగా, ఆరు పలకలుగా ఉంటే కట్లపాము. తల పైన పెద్ద పలకలకు బదులు చిన్న పొలుసులు, ఒంటి పొలుసులకు మధ్యన గరుకుగా ఉబ్బిన గీత ఉంటే పింజర అని అనుమానించాలి. పొడవును మాత్రం నమ్మొద్దు, ఒలిచేటప్పుడు సాగి కుబుసం పాముకంటే పొడవుగా వస్తుంది.

7. తేలాక ఏం చేయాలి?

పెరట్లో జెర్రిపోతైతే వదిలేయండి, ఎలుకల్ని తినిపెడుతుంది. ఇంట్లోకి వచ్చింది ఏ పామైనా ఆ గది తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, అటవీ శాఖకో పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఈ పని చేస్తుంది. వెల్లుల్లి, ఉప్పు, ఫినాయిల్ చల్లితే పాములు రావన్నది నమ్మి డబ్బు తగలేయొద్దు. తలుపు కింది సందు, కాలువ జాలీ, ఎలుక కన్నాలు మూస్తే ఫలితం ఉంటుంది.

8. కరిస్తే

పాము ఏదో తేల్చుకుంటూ కూర్చోవద్దు. మన దగ్గర ఇచ్చే విషవిరుగుడు ఇంజెక్షన్ పైన చెప్పిన నాలుగింటికీ కలిపి చేసిందే. ఉంగరాలు, గాజులు తీసి, కరిచిన చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. కోయడం, బిగించి కట్టడం, నోటితో పీల్చడం వద్దు. కట్లపాము కాటుకు నొప్పి, వాపు దాదాపు ఉండవు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలడం, మాట తడబడటం మొదలైతే గాటు కనపడకపోయినా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఫొటో ఉంటే డాక్టరుకు చూపించండి. చంపిన పామును మాత్రం మోసుకెళ్లొద్దు, తెగిన తల కూడా కొంతసేపటిదాకా కరవగలదు.