మనస్తత్వ పరిశోధన నేర్చుకుందాం – 4: గడులు గీసి చూడడం

పోయిన పాఠంలో బస్టాపులో పది నిమిషాలు నిలబడి కనిపించింది రాయమన్నాను. ఆ కాగితం తీయండి. "పిల్లాడు విసిగిపోయాడు" అని ఉంటే కొట్టేయండి. విసుగు కంటికి కనబడదు. "అమ్మ కొంగు మూడుసార్లు లాగాడు" అని ఉంటే ఉంచండి. మొదట్లో నేనూ పేజీలకు పేజీలు విసుగులే రాశాను లెండి.

ఈసారి గడులు, అంటే చూసే సమయాన్ని చిన్న ముక్కలు చేసి ముక్కకో గడి గీసుకోవడం. 1961లో ఆల్బర్ట్ బందూరా బృందం అచ్చువేసిన బోబో బొమ్మ ప్రయోగం చూద్దాం. పెద్దవాళ్లు గాలిబొమ్మను బాదడం చూసిన పిల్లలు తామూ బాదుతారా అన్నది ప్రశ్న. స్టాన్‌ఫర్డ్‌ నర్సరీ పిల్లలు 72 మంది. ఒక్కొక్కరినీ ఆటబొమ్మల గదిలో ఉంచి, ఒకవైపు నుంచే కనబడే అద్దం వెనక నుంచి 20 నిమిషాలు చూశారు. ఆ సమయాన్ని 5 సెకన్ల ముక్కలు చేశారు, అంటే మనిషికి 240 గడులు. సుత్తితో కొట్టడం వేరు, బొమ్మ మీద కూర్చోవడం వేరు, దేని లెక్క దానిదే.

ఇలాంటి నియంత్రిత పరిశీలనను ఇంకొకరు మళ్లీ చేసి చూడొచ్చు. కానీ కొడితే పడి లేచే బొమ్మను ముందు పెడితే కొట్టక ఏం చేస్తారు? ఇంట్లో తమ్ముణ్నీ అలాగే కొడతారని ఆ గది చెప్పదు. సహజ పరిశీలనకు ఆ చిక్కు లేదు. 1932లో మిల్‌డ్రెడ్ పార్టెన్ నర్సరీ పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకుంటుంటే నిమిషం చొప్పున చూసి ఆటలను ఆరు రకాలుగా విడగొట్టింది. అయితే మీకు కావలసిన పని రోజంతా కూర్చున్నా జరగకపోవచ్చు.

రెండు పద్ధతుల్లోనూ అసలు బెడద చూసే కన్ను. అందుకే బందూరా ప్రయోగంలో సగంమంది పిల్లలను రెండో మనిషి కూడా విడిగా లెక్కవేశాడు. ఇద్దరి లెక్కా కలిసిందని ఊరికే సంబరపడకండి. 20 గడుల్లో మీరు రెండింట్లో "కొట్టాడు" అని టిక్కు పెట్టారు. మీ స్నేహితుడూ రెండే పెట్టాడు, కానీ వేరే గడుల్లో. తేడా నాలుగు గడుల్లోనే, కాబట్టి 80 శాతం కలిసింది! నిజానికి ఒక్క దెబ్బ దగ్గరా మీరిద్దరూ కలవలేదు. కళ్లు మూసుకుని తలా రెండు టిక్కులు పెట్టినా సగటున 16.4 గడులు కలుస్తాయి, మీకు కలిసింది 16. ఈ గుడ్డి కలయికను తీసేసి చూసే కొలతే జేకబ్ కోహెన్ 1960లో ఇచ్చిన కప్పా. మీ కప్పా సున్నాకంటే కింద, దాదాపు -0.11.

అభ్యాసం: ఫోన్లో పది నిమిషాల పిల్లల ఆట వీడియో తీయండి, వాళ్ల పెద్దవాళ్లను అడిగాకే. 30 సెకన్లకో గడి, మొత్తం 20. ఇద్దరు విడివిడిగా, మాట్లాడుకోకుండా నింపండి. కప్పా ఎలా కట్టాలో వచ్చే పాఠంలో ఆ కాగితాల మీదే చేద్దాం, పారేయకండి.