జార్జియాలో ఎంబీబీఎస్‌లో చేరారా? మొదటి నెలలోనే ఇవి చూసుకోండి

జార్జియా రాజధాని తిబిలిసీలో దిగాక రూమ్, సిమ్, రెసిడెన్స్ కార్డు పనులు సీనియర్ల సాయంతో అయిపోతాయి. చేరిన కాలేజీలో చదువు ఎలా ఉందో మాత్రం మీరే తేల్చుకోవాలి. ఆలస్యం చేయకండి, మధ్యలో కాలేజీ మారితే డిగ్రీ మన దగ్గర చిక్కుల్లో పడుతుంది.

ఎన్ఎంసీ (మన జాతీయ వైద్య కమిషన్) 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. అది కాక అదే కాలేజీలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. బోధన ఇంగ్లిష్‌లో జరగాలి, ఆ దేశంలో వైద్యం చేసే లైసెన్సుకు అర్హత రావాలి. జార్జియా కోర్సు ఆరేళ్లు, 360 క్రెడిట్లు కాబట్టి పైకి లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. పేచీ అంతా చివరి ఏడాది దగ్గరే: అది చదువా, ఇంటర్న్‌షిప్పా? ఏ నెల నుంచి ఏ నెల దాకా ఏమిటో డీన్ ఆఫీసు నుంచి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు.

వరల్డ్ డైరెక్టరీలో (ప్రపంచ వైద్య కళాశాలల జాబితాలో) కాలేజీ పేరుందని మురిసిపోకండి. అది జాబితా మాత్రమే, నాణ్యతకు హామీ కాదు. జార్జియాలో యూనివర్సిటీకి ఆథరైజేషన్ (నడిపే అనుమతి) వేరు, కోర్సుకి అక్రెడిటేషన్ (నాణ్యత గుర్తింపు) వేరు. రెండూ చూడాలి, వాటి కోసం తనిఖీ చేసిన నిపుణుల నివేదికలో లోపాల భాగం ముందు చదవాలి.

ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్లి చూడండి. ఒక మంచం చుట్టూ ఎంతమంది స్టూడెంట్లు నిలబడుతున్నారు? అయిదారుగురైతే చేయి పెట్టి చూసే వీలుంటుంది, ఇరవైమందైతే వెనకవాళ్లకి డాక్టర్ వీపే కనిపిస్తుంది. క్లాసు ఇంగ్లిష్‌లో జరిగినా రోగి మాట్లాడేది జార్జియన్. 'సాద్ గ్ట్కివాత్?' (ఎక్కడ నొప్పి?) అని అడగలేనివారికి కేసు హిస్టరీ రాదు. జార్జియన్ లిపిలో 33 అక్షరాలు, రోజుకి మూడు చొప్పున పదకొండు రోజుల పని.

ఇక అసలు ప్రశ్న: ఈ చదువు ఏ జబ్బులకి పనికొస్తుంది? వైద్య కళాశాల తాను సేవ చేసే జనం ఆరోగ్య అవసరాలకే ముందు బాధ్యత పడాలని డబ్ల్యూహెచ్‌ఓ 1995లోనే చెప్పింది. జార్జియా కాలేజీ చూసేది జార్జియా జనాన్ని, అది న్యాయమే. మందులకు లొంగని టీబీ గురించి ఇక్కడ బాగా నేర్చుకోవచ్చు. కట్లపాము కాటు, డెంగీ మాత్రం వార్డులో దాదాపు కనిపించవు. ఎఫ్ఎంజీఈలో (విదేశాల్లో చదివినవారికి మన దేశంలో పెట్టే పరీక్షలో) 300కి 150 మార్కులు దాటినా ఈ లోటు తీరదు.

అందుకే వేసవి సెలవులని వృథా చేయకండి. ఇక్కడ జూలై, ఆగస్టు సెలవులంటే మన దగ్గర నాట్ల కాలం, పాము కాట్ల కాలం. మెడికల్ ఆఫీసర్ అనుమతి తీసుకుని ఊరి పీహెచ్‌సీలో పక్కన నిలబడి చూడండి. పాము కరిచినవారి నుంచి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచుతారు. గడ్డ కట్టకపోతే రక్తపింజరి లాంటి పాము విషం ఎక్కినట్టు. ట్యూబుని డిటర్జెంట్‌తో కడిగి ఉంటే ఫలితం తప్పుతుంది. కట్లపాము విషానికి రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది, కాబట్టి కనురెప్పలు వాలుతున్నాయేమో కూడా చూడాలి.