కడుపుతో ఉన్నప్పుడు సుఖవ్యాధి బయటపడితే

రిపోర్టులో వీడీఆర్ఎల్ (సిఫిలిస్ అనే సుఖవ్యాధిని పట్టే రక్తపరీక్ష) రియాక్టివ్, అంటే జబ్బు ఉండొచ్చు అని కనబడగానే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగు అడుగున దాచేస్తారు చాలామంది. సిగ్గు, భయం, ఇంట్లో ఎవరి కంటైనా పడుతుందేమోనన్న బెంగ. అమ్మా, దాన్ని ఈ రోజే డాక్టరుకు చూపించండి. గర్భిణులకు జబ్బు లేకపోయినా ఒక్కోసారి అలా వస్తుంది, వేరే పరీక్షతో నిర్ధారిస్తారు. జబ్బే అయితే మాత్రం ఆలస్యమైన ప్రతి వారమూ బిడ్డ మీద పడుతుంది.

సిఫిలిస్ మాయను దాటి బిడ్డకు చేరుతుంది. గర్భం పోవచ్చు, బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. దీనికి మందు బెంజాథిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్ల ఇంజెక్షన్. తొలిదశలో సాధారణంగా ఒకటి చాలు. పాతదైనా, ఎప్పుడు సోకిందో తెలియకపోయినా వారానికొకటి చొప్పున మూడు. రెండు సూదుల మధ్య 9 రోజులు దాటితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అందుకే తేదీలు క్యాలెండర్ మీద రాసుకోండి. కాన్పుకు కనీసం 30 రోజుల ముందే వైద్యం మొదలైతే మంచిది. పెన్సిలిన్ పడని వాళ్లకూ ఆస్పత్రిలో ఉంచి, కొద్దికొద్దిగా అలవాటు చేసి అదే ఇస్తారు. కడుపులో బిడ్డ దాకా చేరి కాపాడుతుందని నమ్మదగ్గ మందు అదొక్కటే. మొదటి సూది తర్వాత ఒక రోజులోపు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. కాన్పు నొప్పులు మొదలైనట్టున్నా, బిడ్డ కదలిక తగ్గినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

నాకు ఎక్కువ భయం కలిగించేది పాత చీటీ. పెళ్లయిన కొత్తలో తెల్లబట్టకు రాసిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ స్ట్రిప్పు సొరుగులో మిగిలి ఉంటే, అప్పుడు తగ్గింది కదా అని వేసుకుంటారు. నాలుగో నెల దాటాక అది బిడ్డ పళ్ల రంగు మార్చేసే ప్రమాదం ఉంది. క్లమిడియా అనే మరో సుఖవ్యాధికి గర్భిణులకు అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒక్కసారి ఇస్తారు, నాలుగు వారాలకు మళ్లీ పరీక్ష చేస్తారు. జననాంగాల మీది పులిపిర్లకు పొడోఫిలిన్ పూత వద్దు. లోపల మందునీళ్లతో కడగడమూ వద్దు.

భర్తకు వైద్యం చేయకుండా మీ ఒక్కరికే చేస్తే జబ్బు తిరిగి మీకే వస్తుంది. ఇద్దరూ మందు వాడాక కనీసం వారం రోజులు కలవకండి. ఎలా చెప్పాలో తోచకపోతే డాక్టరు చేతే చెప్పించండి.

హెచ్ఐవీ మందులు వాడుతుంటే గర్భం వచ్చిందని ఒక్క పూట కూడా మానవద్దు. జననాంగాల మీద పుండ్లు తెచ్చే హెర్పిస్ ఉన్నవాళ్లకు 36వ వారం నుంచి ఎసైక్లోవిర్ ఇస్తారు. నొప్పులు వచ్చేసరికి పుండ్లు ఉంటే ఆపరేషనే మేలు, కాబట్టి లేబర్ రూములో దాచకుండా చెప్పండి. హెపటైటిస్ బి ఉంటే ఆ రిపోర్టు ఫైల్లో పైనే పెట్టండి: బిడ్డకు పుట్టిన 12 గంటల్లోపే టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) సూది కూడా పడాలి.