హైబ్రిడ్ బాతుని గుర్తుపట్టడం ఎలా?

వింతగా కనిపించిన ప్రతి బాతూ హైబ్రిడ్ (రెండు వేర్వేరు జాతులకి పుట్టిన సంకరం) కాదు. వేసవిలో మగబాతులు రంగు ఈకలు రాల్చేసి ఆడబాతుల్లా గోధుమరంగులోకి మారతాయి, ఆ మార్పు మధ్యలో చూస్తే ఎవరైనా పొరబడతారు. ఛాతీ మీద తెల్లమచ్చ ఉండి ఒళ్లు బరువుగా ఉంటే, పెంపుడు బాతుల రక్తం కలిసిన మల్లార్డ్ (మగదానికి ఆకుపచ్చ తల ఉండే అడవిబాతు) అయ్యే అవకాశమే ఎక్కువ.

నేనైతే ముందు తోక చూడమంటాను. మగ మల్లార్డ్ తోక మీద పైకి మెలితిరిగిన నల్ల ఈకలుంటాయి, ఆ మెలిక దాని సంకర సంతానంలోనూ తరచూ కనిపిస్తుంది. తల కాస్త ఆకుపచ్చగా, మెడ సన్నగా, తోక మామూలుకన్నా పొడవుగా ఉంటే పిన్‌టెయిల్ అనే పొడవు తోక బాతుతో మల్లార్డ్ కలిసిందేమో చూడండి. ముఖం మీద ఎర్రటి కండ ఉంటే మస్కోవీ అనే పెద్ద బాతు పోలిక. మస్కోవీకీ మల్లార్డ్ జాతికీ పుట్టినవి సాధారణంగా గుడ్లు పెట్టి పిల్లల్ని చేయలేవు.

అసలు కష్టం టఫ్టెడ్ డక్ (తల వెనక జుట్టు, పసుపు కన్ను ఉండే బాతు), పోచార్డ్ (మగదానికి ఎర్ర కన్ను ఉండే బాతు) కలిసినప్పుడే, ఎందుకంటే ఆ పిల్ల అచ్చం స్కాప్ అనే మరో జాతి బాతులా ఉంటుంది. అప్పుడు ముక్కు కొసని దగ్గరగా చూడండి: స్కాప్‌కి నలుపు కొసన చిన్న చుక్కంతే, హైబ్రిడ్‌కి అది వెడల్పుగా పక్కలకి పాకుతుంది. తల వెనక పొట్టి జుట్టు, పసుపుకీ ఎరుపుకీ మధ్య నారింజ రంగు కన్ను కూడా కనబడితే ఇక అనుమానం దాదాపు తీరినట్టే. ఒక్క గుర్తుతో మాత్రం తేల్చేయొద్దు, రెండు మూడు కలవాలి. రెక్క విప్పినప్పుడు ఒక ఫొటో తప్పకుండా తీసుకోండి.