బెంగళూరు ఇంట్లో వైన్‌ను ఎంచుకోవడం, దాచుకోవడం, ఆస్వాదించడం ఎలా?

తెలుగునాట ‘వైన్స్’ అన్న బోర్డు మద్యం దుకాణానికి మారుపేరుగా స్థిరపడిపోవడంతో, ద్రాక్షరసాన్ని పులియబెట్టి చేసే అసలు వైన్ గురించి మన ఇళ్లలో మాట్లాడుకునే అలవాటు పెద్దగా ఏర్పడలేదు. ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం ఆ పరిచయానికి మంచి అవకాశం ఉంది; వైన్ ద్రాక్ష పండే తోటలు ఊరికి ఉత్తరాన, నంది కొండల పాదాల దగ్గరే ఉన్నాయి. ఇక్కడ చెప్పేదంతా 21 ఏళ్లు నిండి, భోజనంతో పాటు ఒక గ్లాసు దగ్గర ఆగగలిగేవారి కోసం. మద్యం ఏ మోతాదులోనూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది కనుక, గర్భిణులు, మందులు వాడుతున్నవారు, అలవాటు అదుపు తప్పుతుందని భయమున్నవారు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

తొలి అడుగు: రుచికి మన మాటలు పెట్టుకోండి

సీసాలు కొనడానికి ముందు నాలుకకు కొంత సాధన కావాలి. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. అందువల్ల నలుగురు స్నేహితులు కలిసి ఒక తెల్ల వైన్, ఒక ఎర్ర వైన్ తెచ్చుకుని, తలా రెండు మూడు గుక్కలు పక్కపక్కనే రుచి చూస్తే, విడివిడిగా నెల రోజులు తాగినా తెలియని తేడా ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది. కాడ ఉన్న గ్లాసులో మూడో వంతు మాత్రమే పోసి, కాడ పట్టుకుని నెమ్మదిగా తిప్పి, ముందు వాసన చూసి, తరువాత చిన్న గుక్క తీసుకుని నోరంతా తగిలేలా కాసేపు ఉంచాలి.

వైన్ పుస్తకాలలో కనిపించే బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ వంటి పోలికలు మనలో చాలామంది ఎన్నడూ తినని పండ్లవి. వాటిని వెతుక్కుంటూ నిరుత్సాహపడవలసిన పని లేదు. ఏటా ఉగాది పచ్చడిలో తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు విడివిడిగా పట్టుకోగలిగిన నాలుకకు వైన్ పరాయిది కాదు. ఎర్ర వైన్ తాగినప్పుడు చిగుళ్లు బిగుసుకున్నట్టు, నాలుక మీద తడి ఆరిపోయినట్టు అనిపించేది ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి వచ్చే టానిన్ల గుణం. నేరేడు పండు తిన్నాక నోట్లో మిగిలే వగరు సరిగ్గా అదే. తెల్ల వైన్‌లో దవడల పక్కన నీళ్లూరించేది పులుపు. ఈ రెండింటినీ, వాటితో పాటు తీపిని గుర్తుపట్టడం వస్తే, మీకు ఏ సీసా నచ్చుతుందో దుకాణంలోనే సగం చెప్పుకోవచ్చు.

ఏది కొనాలి, ఎన్ని కొనాలి?

దొడ్డబళ్లాపుర దగ్గర గ్రోవర్ కుటుంబం 1980ల చివర్లో ఫ్రెంచి ద్రాక్షరకాలు నాటింది. ఇప్పుడు గ్రోవర్ జాంపాగా ఉన్న ఆ సంస్థ చేసే ‘లా రిజర్వ్’ అనే ఎర్ర వైన్‌లో కాబర్నే సొవిన్యోన్, షిరాజ్ అనే రెండు ఎర్ర వైన్ ద్రాక్షరకాలు కలుస్తాయి. అది ఓక్ పీపాలలో కొంతకాలం ఉండి బయటికి వస్తుంది. నాసిక్‌లో సులా సంస్థ చేసే షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో కొంచెం తీపి మిగిలి ఉంటుంది కనుక కొత్తగా మొదలుపెట్టేవారికి సులువుగా నచ్చుతుంది. హంపి కొండల దగ్గరి ‘కృష్మ’ తోట తెలుగువారిది: హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు తమ ఇద్దరి పేర్లను కలిపి దానికి ఆ పేరు పెట్టారు. నల్లగా, మందపు తొక్కతో ఉండే బెంగళూరు బ్లూ ద్రాక్ష రుచి మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే; ‘పోర్ట్’ పేరుతో చౌకగా దొరికే తీపి వైన్లకు దాన్ని ఎక్కువగా వాడతారు. అందులో తప్పేమీ లేదు కానీ, దాన్ని రుచి చూసి వైన్ అంటే ఇంతే అనుకోకూడదు.

కొనేటప్పుడు సీసా మీద ఉన్న సంవత్సరం చూడండి. అది ద్రాక్ష కోసిన ఏడాది. మన దగ్గర ఆ కోత ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ముగుస్తుంది. మన దేశపు తెల్ల వైన్లలో చాలావరకు కోసిన రెండేళ్లలోపు తాగితేనే బాగుంటాయి కనుక, నాలుగేళ్ల కిందటి తెల్ల వైన్ తగ్గింపు ధరకు దొరికిందని సంబరపడవద్దు. గాజు తలుపు వెనక ఎండ పడే చోట నిలబెట్టిన సీసానూ, మూత కింద జిగురుగా కారిన జాడ ఉన్న సీసానూ తీసుకోవద్దు. మొదటి ఏడాది పన్నెండు సీసాలు మించి ఇంట్లో ఉంచుకోవద్దని నా సలహా: ఎనిమిది ఆ ఏడాదే తాగడానికి, నాలుగు మాత్రం దాచి చూడటానికి.

దాచుకోవడం: అసలు శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడే

వైన్‌కు హాని చేసేవి వేడి, వెలుతురు, అదురు. వీటిలో వేడి అన్నిటికన్నా చెడ్డది. 12 నుంచి 14 డిగ్రీల మధ్య, రోజు రోజుకీ మారకుండా ఉండే చల్లదనం వైన్‌కు హాయిగా ఉంటుంది. యూరప్‌లో ఆ పని నేలమాళిగ చేస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో నేలమాళిగ అంటే కార్లు నిలిపే చోటే కదా. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల చల్లని ఊరన్న పేరు ఉన్నా, మార్చి నుంచి మే వరకు మధ్యాహ్నాలు 33, 34 డిగ్రీలు దాటడం మామూలే.

ఈ సంగతి నాకు ఒక సీసా పోగొట్టుకున్నాకే తెలిసింది. నంది కొండల వైపు వెళ్లినప్పుడు తెచ్చుకున్న ఎర్ర వైన్‌ను పెళ్లిరోజుకని వంటింటి అటక మీద పడుకోబెట్టి, ఏప్రిల్, మే నెలలు అలాగే వదిలేశాను. జూన్‌లో దించి చూస్తే మూతి మీది రేకు కొద్దిగా ఉబ్బి ఉంది. రేకు తీస్తే బిరడా ఒక నూలుపోగు మందం పైకి లేచి, దాని పక్కన ఎండిన ఎర్రటి చార కనిపించింది. వేడికి లోపలి వైన్ వ్యాకోచించి బిరడాను నెట్టింది. చల్లబడినప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికి వెళ్లింది. పోసి చూస్తే పండ్ల వాసన పోయి, ఉడికించిన ఎండుద్రాక్ష వాసన మాత్రమే మిగిలింది.

కనుక ముందుగా కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ చూపే చిన్న థర్మామీటరు ఒకటి కొని, ఇంట్లో నాలుగైదు చోట్ల ఒక్కో వారం ఉంచి రాసుకోండి. సాధారణంగా పడమటి గోడకు ఆనని పడకగదిలో, బీరువా అడుగు అర అన్నిటికన్నా నిలకడగా ఉంటుంది. మూత గట్టిగా పట్టే థర్మోకోల్ పెట్టెలో సీసాలను పాత కాగితాలలో చుట్టి పెట్టి, ఆ పెట్టెను అక్కడ ఉంచితే పగటి వేడికీ రాత్రి చలికీ మధ్య ఊగిసలాట బాగా తగ్గుతుంది, వెలుతురూ తగలదు. బిరడా ఉన్న సీసాలను పడుకోబెట్టాలి. తడి ఆరితే బిరడా కుంచించుకుపోయి గాలిని రానిస్తుంది. మరమూత ఉన్నవాటిని నిలబెట్టినా నష్టం లేదు. ఇంత చేసినా వేసవిలో బీరువాలో 28 డిగ్రీలు దాటుతుంటే, ఆ మూడు నెలలు సీసాలను ఫ్రిజ్ అడుగు అరలోకి మార్చడం మేలు. ఏళ్ల తరబడి దాచాలన్న కోరిక నిజంగా ఉంటే, సీసాల మీద పెట్టే డబ్బుకన్నా ముందు చిన్న వైన్ ఫ్రిజ్ మీద పెట్టాలి.

వడ్డించేటప్పుడు

ఎర్ర వైన్‌ను గది వేడిలోనే తాగాలన్న మాట యూరప్‌లోని చల్లని ఇళ్లలో పుట్టింది. మన గదుల్లో 28 డిగ్రీల దగ్గర అదే వైన్‌లో ఆల్కహాల్ ఘాటు ముందుకొచ్చి, పండు వాసన వెనక్కి పోతుంది. ఎర్ర వైన్‌ను ముప్పావుగంట నుంచి గంట వరకు ఫ్రిజ్‌లో ఉంచి 16, 18 డిగ్రీల మధ్య పోయండి. తెల్ల వైన్‌కు 8 నుంచి 12 డిగ్రీలు సరిపోతుంది. తొందరగా కావాలంటే బకెట్‌లో ఐస్, నీళ్లు సగం సగం పోసి అరగంట ముంచి ఉంచాలి. ఒట్టి ఐస్ అంత త్వరగా చల్లబరచదు, ఎందుకంటే నీళ్లే సీసాను అన్ని వైపులా తాకుతాయి. తెరిచిన వెంటనే తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడిందని అర్థం. అది గాలి తగిలినా పోదు. మిగిలిన వైన్‌ను శుభ్రమైన చిన్న సీసాలోకి నిండుగా మార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది.

మన భోజనంతో కలపడంలో ఒక్క నియమం గుర్తుంచుకుంటే చాలు: కారం ఎక్కువైన కొద్దీ వగరూ ఆల్కహాలూ నోట్లో మంటను పెంచుతాయి, కొంచెం తీపి దాన్ని చల్లారుస్తుంది. అందుకే గుంటూరు కారం పడిన కోడి వేపుడుకు బరువైన ఎర్ర వైన్ కన్నా చల్లని షెనిన్ బ్లాంక్ నయం. గోంగూరకూ, చింతపండు వేసిన చేపల పులుసుకూ తమకు దీటైన పులుపున్న సొవిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ కావాలి. లేకపోతే వైన్ నీళ్లలా తోస్తుంది. రాగి సంగటి, మిరియాలతో వండిన నాటుకోడి పులుసు ఉన్న రోజు షిరాజ్ తెరవండి. ఆవకాయ ముందు మాత్రం ఏ వైన్ నిలబడదు.

ప్రయాణాల్లో

తోటలకు వెళ్లదలిస్తే ఫిబ్రవరిలో, ఉదయం పూట, ముందుగా చెప్పి వెళ్లండి; కోత జరుగుతుంటుంది కనుక పండునూ, పులుస్తున్న రసాన్నీ, పీపానూ ఒకే రోజు చూడవచ్చు. బండి నడిపేవారు ఒక్క గుక్క కూడా తాగకూడదు. కొన్న సీసాలను కారు డిక్కీలో వదిలి భోజనానికి కూర్చుంటే గంటలోనే ఉడికిపోతాయి. ఐస్ పెట్టె వెంట ఉంచుకుని, బిల్లు దాచుకోండి. రాష్ట్ర సరిహద్దు దాటి అనంతపురం, చిత్తూరు వైపు వెళ్లేవారు ఆయా రాష్ట్రాల ఎక్సైజ్ పరిమితులను ముందే తెలుసుకోవాలి. గుజరాత్, బీహార్‌లలో మద్యనిషేధం అమల్లో ఉంది.

విదేశాల నుంచి వచ్చేవారికి తలకు 2 లీటర్ల వరకు సుంకం ఉండదు. రెండు మామూలు సీసాలు కలిపి లీటరున్నర అవుతాయి. మూడోదీ అంతే పెద్దదైతే 2.25 లీటర్లై పరిమితి దాటుతుంది కనుక, మూడోదిగా 375 మిల్లీలీటర్ల అరసీసా ఎంచుకోవడం తెలివైన పని. చాలా విమానాశ్రయాల్లో చేతిసంచిలో 100 మిల్లీలీటర్లు మించిన ద్రవాన్ని అనుమతించరు, కాబట్టి సీసాలను ప్లాస్టిక్ సంచిలో మూసి, తువ్వాలు చుట్టి, సూట్‌కేసు మధ్యలో నాలుగు వైపులా బట్టలు వచ్చేలా సర్దండి. అడుగున మడ్డి ఉన్న పాత వైన్ అయితే, ఇంటికి వచ్చాక వారం రోజులు నిలబెట్టి ఉంచి, మడ్డి పేరుకున్నాకే తెరవాలి.

ప్రతి సీసాకూ నోటు పుస్తకంలో ఒక పేజీ ఇవ్వండి: ఎక్కడ కొన్నారు, ఎంత పెట్టారు, ఏ ఏడాదిది, ఏ రోజు తెరిచారు, ఏ కూరతో తాగారు, పులుపు ఎంత, వగరు ఎంత. ఖాళీ సీసాలో వేడినీళ్లు పోసి పదినిమిషాలు ఉంచితే చాలా లేబుళ్లు చిరగకుండా ఊడివస్తాయి. ఆరబెట్టి ఆ పేజీలో అంటించుకోవచ్చు. అటక మీద ఉడికిపోయిన ఆ సీసా లేబుల్ కూడా నా పుస్తకంలో ఉంది, దాని పక్కన ఆ వేసవి ఉష్ణోగ్రతలతో సహా.