పద్యనాటకాల ఎంపీ3 ఫైళ్ళు: ఎన్‌కోడర్‌ను గుర్తించడం, ఖాళీని కత్తిరించడం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పౌరాణిక నాటకాల పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, పద్యానికొక ఎంపీ3 ఫైలుగా దాచుకునేవారికి ఫైలు మొదట్లోనూ చివర్లోనూ మిగిలిన ఖాళీని తీసివేయాలనిపించడం సహజం. అయితే అంతకుముందే ఆ ఫైలు ఏ ఎన్‌కోడర్‌తో (ధ్వనిని ఎంపీ3గా మార్చే ప్రోగ్రాముతో) తయారైందో చూసి రాసిపెట్టుకోవాలి. ఎంపీ3 ఫైలు ఫ్రేములనే చిన్న ముక్కల వరుస; ఆ వివరం సాధారణంగా మొట్టమొదటి ఫ్రేములో ఉంటుంది. కత్తెర పడేదీ అక్కడే.

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో ఫైలును తెరిచి ‘రైటింగ్ లైబ్రరీ’ అనే వరుసను చూడండి. ‘లేమ్ 3.100’ వంటి పేరుంటే ఫైలును లేమ్ అనే ఎన్‌కోడర్ తయారు చేసిందనుకోవచ్చు. ‘లావ్ఫ్’ అని ఉంటే అది ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ఆడియో, వీడియో మార్పిడి ప్రోగ్రాము గుండా వచ్చిందని మాత్రమే అర్థం. ధ్వనిని మార్చకుండా కాపీ చేసినప్పుడు కూడా ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ మొదటి ఫ్రేమును కొత్తగా రాసి తన పేరు పెడుతుంది కనుక, అసలు ఎన్‌కోడర్ ఏదో దాన్నిబట్టి తేల్చకూడదు. ధ్వనిలోని పౌనఃపున్యాలను బొమ్మగా చూపే స్పెక్ వంటి ప్రోగ్రాములో 16 కిలోహెర్ట్జ్ పైన ధ్వని ఒక్కసారిగా తెగిపోతే, 320 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) అని చెప్పుకునే ఫైలు ఒకప్పుడు 128లో ఉండి ఉండవచ్చునని అనుమానించవచ్చు గానీ, క్యాసెట్‌లోనే పైస్థాయి ధ్వని తక్కువ కాబట్టి మన ఫైళ్ళ విషయంలో ఈ పరీక్షను పూర్తిగా నమ్మలేము.

మొదట్లో వినిపించే ఖాళీ అంతా క్యాసెట్‌ది కాదు. లేమ్ మామూలుగా 576 శాంపిళ్ళ (ధ్వనిని అంకెల్లో నమోదు చేసే అతి చిన్న కొలతల) జాప్యాన్ని తానే చేర్చి, ఆ లెక్కను మొదటి ఫ్రేములో రాస్తుంది. అది చదవగల ప్లేయరు ఆ మేరకు వదిలేసి వినిపిస్తుంది. ఫ్రేమును కోసేస్తే ఈ సౌకర్యం పోయి, ఒక పద్యం నుంచి మరో పద్యానికి వెళ్ళేటప్పుడు చిన్న తెగుదల వినిపించవచ్చు.

అసలు వేవ్ ఫైలు ఉంటే దాన్నే కత్తిరించి, కొత్తగా ఎంపీ3 చేసుకోవడం అన్నిటికన్నా మేలు. ఎంపీ3 మాత్రమే ఉంటే, మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా ఫ్రేముల మధ్యనే కోసే ఎంపీ3డైరెక్ట్‌కట్ వాడండి. ఆడాసిటీ మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది, దానితో నాణ్యత ఇంకొంత తగ్గుతుంది. ఒక్కో ఫ్రేము 1152 శాంపిళ్ళు, అంటే 44,100 హెర్ట్జ్ వద్ద సుమారు 26 మిల్లీసెకన్లు. అంతకన్నా సన్నగా కోయడం సాధ్యం కాదు. పైగా ఒక ఫ్రేముకు కావలసిన సమాచారం కొంత వెనకటి ఫ్రేముల్లో ఉండవచ్చు కనుక, పద్యం ఎత్తుగడకు ముందు కొన్ని ఫ్రేములను కోయకుండా ఉంచాలి.

ఎంత తక్కువ ధ్వనిని నిశ్శబ్దంగా లెక్కించాలన్నది అసలైన చిక్కు. క్యాసెట్‌లో ఎప్పుడూ ‘స్‌స్’మనే రొద ఉంటుంది కాబట్టి మైనస్ 60 డెసిబెల్స్ హద్దు పెడితే ఏమీ దొరకదు. రొద ఒక్కటే ఉన్న చోటు దాని స్థాయిని చూసుకుని, హద్దును అంతకన్నా కొద్దిగా పైన పెట్టండి. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌లోని సైలెన్స్‌డిటెక్ట్ సమయాలను మాత్రమే చూపుతుంది, దేనినీ కోయదు; అందుకే నాకు అదే నచ్చుతుంది. ఆ సమయాల దగ్గర తప్పక చెవి పెట్టి వినండి: రాగం ముగిశాక మెల్లగా అణగే హార్మోనియం శ్రుతిని, ప్రేక్షకుల ‘వన్స్‌మోర్’ కేకకు ముందున్న క్షణాన్ని యంత్రం ఖాళీగా లెక్కగట్టవచ్చు. పద్యపాదాల నడుమ నటుడు ఊపిరి తీసుకునే విరామం కూడా గానంలో భాగమే కాబట్టి మధ్యలోని నిశ్శబ్దాన్ని ఎన్నడూ కుదించవద్దు.

కత్తిరించిన ఫైలు ట్యాగులో, కామెంట్ గడిలో, ముందు రాసిపెట్టుకున్న ఎన్‌కోడర్ పేరును, తీసేసిన సెకన్ల లెక్కను నమోదు చేసి, కోయని ఫైలును వేరే ఫోల్డరులో భద్రపరచండి.